తప్పు పాత ఈకలది

ఫిబ్రవరి 3

ఈ డైరీ కోడలు ఇచ్చింది. పోయిన ఏటిది. తారీఖులు సరిపోతాయి గానీ వారాలు కలవవు. పైన సోమవారం అని అచ్చయి ఉంది, ఈవేళ మంగళవారం. కొట్టేసి రాశాను. లేకపోతే నేనే తికమకపడి ఆస్పత్రికి ఒకరోజు ముందే వెళ్లి కూర్చుంటాను.

నిద్ర పట్టడం లేదని వెళ్తే అక్కడి నర్సమ్మ మాత్ర ఇవ్వకుండా ఈ పని చెప్పింది. "మనసులో భయాలన్నీ పుస్తకంలో రాసెయ్యండి పెద్దమ్మా, దిగిపోతాయి" అంది. "అన్నీ రాయాలంటే ఒక పుస్తకం చాలదమ్మా" అన్నాను. నవ్వింది. నేను నవ్వులాటకి అనలేదు.

గ్యాసు కట్టానో లేదో. మేడమెట్ల మీద నాచు. అబ్బాయి బండి నడుపుతూ ఫోన్ మాట్లాడతాడు. పక్కింటివాళ్ల నీళ్ల ట్యాంకు మా గోడ వైపు ఒరిగి ఉంది. ఇవన్నీ చిల్లర భయాలు, వీటికి నిద్ర పోదు. అసలుది మా ఆయన సంగతి.

పోయినేడు గ్రౌండులో పెద్దవాళ్ల విలువిద్య పోటీ పెట్టారు. తల నెరిసినవాళ్లే రావాలి, చెక్క బాణాలే వెయ్యాలి. మా ఆయన వేసిన బాణం సగం దూరం బుద్ధిగా వెళ్లి, అక్కడ ఏదో గుర్తొచ్చినట్టు పక్కకి తిరిగి, ఎక్కడో ఓ మూల కూర్చుని టీ తాగుతున్న జడ్జీగారి గొడుగులోంచి దూసుకుపోయింది. జడ్జీ అంటే రిటైరైన డ్రిల్లు మాస్టారు. దేవుడి దయ వల్ల ఆయనకేమీ కాలేదు. కాసేపు ఎవరూ నవ్వలేదు. మాస్టారు ఆ బొక్కలోంచి ఆకాశం వైపు చూసి, "ఈవేళ వాన రాదులే" అనేసరికి అందరూ ఒక్కసారిగా నవ్వేశారు. మా ఆయన బాణం తెచ్చి అందరికీ చూపించారు. "ఈక ఊడింది, అందుకే తిరిగింది" అన్నారు. నిజంగానే ఒక ఈక ఊడి ఉంది. అప్పుడు దర్జీ అన్నయ్య, మా ఆయనకి చిన్నప్పటి నేస్తం, ఊరుకోవచ్చా. "ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు" అన్నాడు. మళ్లీ నవ్వులు.

ఆ రోజు నుంచి మా ఆయన గ్రౌండుకి పోలేదు. అంతకుముందు సాయంత్రం టీ కడుపులో పడిందంటే ఇంట్లో నిలిచే మనిషి కాదు. ఇప్పుడు ఆ వేళకి వరండాలో కుర్చీ వేసుకుని గోడ వైపు చూస్తూ కూర్చుంటారు. గోడ మీద ఏమీ లేదు. నేను కూడా వెళ్లి చూశాను.

మళ్లీ నవ్వుతారేమోనని ఆయన భయం. ఇలాగే గోడకి అంటుకుపోతారేమోనని నా భయం. వెళ్తే మళ్లీ నవ్వుతారేమోనని ఇంకో భయం, అదీ నాదే.

ఈవేళ దర్జీ అన్నయ్య వచ్చాడు.

"ఒరేయ్, ఏప్రిల్లో పోటీ. నీ పేరు రాయించేశా."

"నన్నడక్కుండా ఎలా రాయిస్తావురా?"

"అడిగితే వద్దంటావని."

"ఈకలు మార్చకుండా నేను బాణం ముట్టను. అన్నీ పాతబడ్డాయి. పీకాలి, జిగురు గోకాలి, కొత్తవి అతకాలి. నువ్వు బొత్తాలు కుట్టినంత తేలిక కాదు."

"బోలెడు టైముంది. పీకడానికి చెల్లెమ్మ ఉండనే ఉందిగా."

ఇద్దరూ నా వైపు చూశారు. ఆయన లోపలికి వెళ్లి అమ్ములపొది తెచ్చి నా ఒళ్లో పెట్టారు.

ఫిబ్రవరి 5

మొదలుపెట్టాను. ఈ పని నాకు కొత్త కాదు. మామగారు బాణాలు చేసేవారు. కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు నా చేతికి గరిటె ఇవ్వలేదు, మొద్దుకత్తి ఇచ్చారు.

ఒక్కో బాణానికి మూడు ఈకలు. అందులో ఒకటి వేరే రంగు, బాణాన్ని నారికి ఎటు తిప్పి తగిలించాలో తెలియడానికి. మావాటికి అది ఎరుపు. ఇప్పుడు తుప్పు రంగుకి తిరిగింది, అంచులు పురుగు కొరికింది. ఈక మొదట్లో కత్తి మొన దూర్చి, కాడ కాస్త లేచాక వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగాలి. నిండుగా ఊడి వస్తే అదృష్టం. సగంలో తెగుతుంది, ఎప్పుడూ సగంలోనే. మిగిలిన కాడనీ, కింద రాయిలా బిగిసిన జిగురునీ కత్తి నిలువుగా పట్టి గోకాలి. కత్తికి పదును ఉండకూడదు, ఉంటే జిగురుతో పాటు చెక్క లేస్తుంది. వేడినీళ్లలో నానబెడితే సుఖంగా ఊడుతుంది గానీ బాణం పుల్ల వంకరపోతుంది. "ఇది కోడిని పీకడం కాదే, పసిపిల్ల జుట్టు చిక్కు తియ్యడం" అనేవారు అత్తగారు.

పొద్దుట్నుంచి కూర్చుంటే ఒక్క బాణం అయింది. నిదానంగా చెయ్యవలసిన పని. కిటికీలో వెలుగు చాలదు. బొటనవేలు నొప్పి. కత్తి కూడా అలవాటు తప్పింది. పీట ఎత్తు సరిగ్గా లేదు.

ఫిబ్రవరి 6

మబ్బు. ఏమీ చెయ్యలేదు.

ఫిబ్రవరి 7

మబ్బు లేదు. ఎప్పుడు పడుతుందో ఏమోనని మొదలుపెట్టలేదు.

ఫిబ్రవరి 11

గోకినవి ఆయనకి చూపించాను. పుల్లని వెలుగుకి పట్టి, ఒక కన్ను మూసి, గోటితో పొడుగునా తడిమారు.

"ఇదిగో, ఇక్కడ జిగురుంది."

"ఎక్కడ?"

"ఇక్కడే."

"అది చెక్కలో మచ్చండీ."

"మచ్చేదో జిగురేదో నాకు తెలీదంటావా? ఈ పుల్లల మధ్యే పుట్టాను."

"అయితే మీరే గోక్కోండి."

"నేను గోకితే నీకు నచ్చదుగా. మళ్లీ గోకు. తొందరేం లేదులే."

మచ్చని గోకుతూ కూర్చున్నాను. గోకితే పోవడానికి అదేమైనా జిగురా.

కత్తి కింద పెట్టాక ఆ మాట గుర్తొచ్చింది. తొందరేం లేదట. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఈ మనిషి నోట ఆ మాట నేను వినలేదు. కంచం పెట్టి కూర వడ్డించేలోపు రెండుసార్లు గొంతు సవరించుకుంటారు. రైలు కోసం ఒక పూట ముందే వెళ్లి, ముందు వెళ్లే రైలుని కూడా సాగనంపే మనిషి. ఒంట్లో బాగుందో లేదో. నుదురు పట్టుకుని చూశాను. "ఏమిటే" అన్నారు. చల్లగానే ఉంది.

ఫిబ్రవరి 14

కోడలు బట్టలు ఆరేస్తూ అడిగింది, "ఏం అత్తయ్యా, ఇంకా అవేనా?" అని.

"నీకేం తెలుసమ్మా, సున్నితమైన పని."

"మొన్న గుమ్మడికాయంత ముడి ఉన్న పాత స్వెట్టరు మొత్తం ఒక్క పూటలో విప్పేశారుగా."

స్వెట్టరు వేరు, బాణం వేరు. స్వెట్టరు పక్కకి తిరిగితే ఎవరూ నవ్వరు.

ఒకటి రాయాలి. ఈకలు పాతవి కాబట్టి పోయినేడు గురి తప్పింది. అందరికీ అదే చెప్పాం. ఆయన చెప్పారు, నేనూ కూరల దుకాణంలో, ఆస్పత్రిలో, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాను. ఈకలు మారితే అంతా సరిపోతుంది. ఒకవేళ కొత్త ఈకలు పెట్టాక కూడా

గ్యాసు మీద పాలు పెట్టాను.

ఫిబ్రవరి 20

ఆయన్ని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. నేనే పట్టుబట్టి. కళ్లు అంతంతమాత్రమని డాక్టరు చెబితే ఇంక అడిగేవాడు ఉండడు. కంటికి ఎవరూ నవ్వరు కదా.

డాక్టరు ఆయన గడ్డాన్ని యంత్రం మీద పెట్టించి చాలాసేపు చూశాడు.

"బాగున్నాయి. వయసుకి చాలా బాగున్నాయి."

"బాణాలు వేస్తారండీ" అన్నాను.

"భేషుగ్గా వెయ్యొచ్చు."

"ఇంకోసారి గట్టిగా చూడండి బాబూ. ఎడమది."

"ఎడమదే ఇంకా బాగుందమ్మా."

"శుక్లం లాంటిదేదైనా, చిన్నదైనా?"

డాక్టరు నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూశాడు. ఆయన మొహంలో కూడా సంతోషం ఏమీ లేదు. చివరికి డాక్టరు, "మీకే ఉందమ్మా శుక్లం, రెండు కళ్లకీ" అని నా పేరు మీద చుక్కలమందు రాశాడు.

వీధి మలుపులో ఆయన, "మంచి డాక్టరే" అన్నారు. "ఏం మంచి" అన్నాను. "అదేలే" అన్నారు.

ఫిబ్రవరి 27

దర్జీ అన్నయ్య మళ్లీ వచ్చాడు. కొత్త ఈకల పొట్లం తెచ్చాడు. గ్రౌండు క్లబ్బువాళ్లు అందరికీ కలిపి తెప్పించారట. మా ఆయన స్నానానికి వెళ్లారు, టీ ఇచ్చి కూర్చోబెట్టాను.

"ఎంతవరకొచ్చింది చెల్లెమ్మా?"

"అవుతోందన్నయ్యగారూ. జిగురు మొండిది."

"వాడొచ్చి తీరాలి. వాడు రాకపోతే నా పరువు పోతుంది."

"మీ పరువా?"

"వాడుంటే నేను చివర్నుంచి రెండోవాణ్ణి. వాడు మానేశాక మామూలు రోజుల్లో కూడా నేనే చివర. ఇంట్లో మీ వదిన మొహం చూపించనివ్వడం లేదు."

నాకు నవ్వొచ్చింది గానీ పెదవి కొరుక్కున్నాను. తర్వాత అన్నయ్య కప్పు కింద పెట్టి గొంతు తగ్గించాడు.

"మద్దెల సామెత నేను ఊరికే అన్నానమ్మా. నోరు జారింది. వాడది పట్టుకుని కూర్చుంటాడనుకోలేదు. సాయంత్రం వాడి కుర్చీ మేమెవరం తియ్యం. అక్కడే ఉంటుంది. మొన్న ఎవడో కొత్తాయన వచ్చి కూర్చోబోతే మాస్టారు లేపేశారు."

ఆ మాట ఆయనకి చెప్పాలా వద్దా అని రోజంతా ఆలోచించాను. చెబితే వెళ్తారేమో. వెళ్తే. చెప్పలేదు. రేపు చెబుతాను.

ఫిబ్రవరి 28

రేపు చెబుతాను.

మార్చి 4

పొద్దున్న నాలుగు పుల్లలు శుభ్రంగా గోకి, గరుకు కాగితంతో పైపైన రుద్ది, గుడ్డతో తుడిచి వెనకగదిలో బల్ల మీద పెట్టాను. అద్దంలా ఉన్నాయి. చుక్కలమందు వేసుకుని కాసేపు కళ్లు మూసుకుని, తర్వాత నీళ్ల చెంబు కోసం అటు వెళ్లాను. తలుపు ఓరగా ఉంది.

ఆయన బల్ల దగ్గర నిలబడి ఉన్నారు. జిగురు సీసా మూత తీసి ఉంది. చిటికెన వేలు అందులో ముంచి, నేను గోకిన పుల్ల మీద, ఈక ఉండే చోట, చుక్కలు పెడుతున్నారు. పిల్లకి దిష్టిచుక్క పెట్టినంత జాగ్రత్తగా. పెట్టి ఊదుతున్నారు, ఆరడానికి.

నేను నీళ్లు తాగకుండా వచ్చేశాను.

ఏదో పాత సీసా. మూత వదులు. చెయ్యి తగిలి ఉంటుంది. నా కళ్లకి శుక్లం ఉందని డాక్టరే చెప్పాడు. నేనేమీ చూడలేదు.

మధ్యాహ్నం ఆ పుల్ల పట్టుకుని వచ్చారు.

"ఇదిగో, చూడు. జిగురు."

"అవును. ఉంది" అన్నాను.

ఆయన కాస్త తెల్లబోయారు. నేను వాదిస్తాననుకున్నారు కాబోలు.

"మళ్లీ గోకాలి మరి" అన్నారు.

"గోకుతాను. తొందరేం లేదుగా."

"ఏం లేదు."

మార్చి 5

గోకాను.

మార్చి 6

జిగురుందన్నారు. గోకాను.

మార్చి 9

జిగురు సీసా అయిపోయినట్టుంది. బజారుకి వెళ్లి ఇంకోటి తెచ్చుకున్నారు. వచ్చేటప్పుడు నాకు నొప్పుల లేపనం కూడా తెచ్చారు, బొటనవేలికి.

ఇన్నేళ్ల కాపురంలో ఇద్దరం ఇంత సర్దుకుపోయి ఒక పని చెయ్యడం ఇదే మొదటిసారి. ఆయన అంటించేవి ఆయన అంటిస్తారు, నేను గోకేవి నేను గోకుతాను. ఇలాగే ఏప్రిల్ దాటిపోతే బాగుండును. పుల్ల అరిగిపోతుందేమోనన్నది ఒక్కటే భయం.

మార్చి 15

కొంప మునిగింది.

మా ఆడపడుచుకి ఒంట్లో బాగాలేదంటే ఇద్దరం పొద్దున్నే చూడ్డానికి వెళ్లాం. సాయంత్రం తిరిగొచ్చేసరికి హాల్లో నేల మీద పేపర్లు పరిచి, వాటి మీద బాణాలన్నీ వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. అన్నీ బోడిగా. ఒక్క దాని మీద ఈక లేదు. పక్కన ఈకల కుప్ప. కోడలు చేతులు దులుపుకుంటూ మొహమంతా వెలిగిపోతూ నిలబడి ఉంది.

"సర్‌ప్రైజ్ అత్తయ్యా. మీరు వేలు పట్టుకుని బాధపడుతుంటే చూడలేకపోయాను. ఫోన్లో వీడియో చూసి అన్నీ చేసేశాను. సీరియల్ చూస్తూనే అయిపోయింది."

"అన్నీనా?" అన్నాను.

"అన్నీ. జిగురు ఎక్కువ పట్టినవి మీరు చేసినవే, అదేంటో. ఈక లేదు గానీ జిగురు మాత్రం తడితడిగా ఉంది."

ఆయన దగ్గారు. నేను పైట సర్దుకున్నాను.

పదునైన కత్తితో చేసి ఉంటుందని నాకు ఆశ కలిగింది. "దేంతో గోకావమ్మా?"

"మీ మొద్దుకత్తితోనే."

"వేడినీళ్లు?"

"అయ్యో, తడి తగలనిస్తానా. వంకరపోవూ?"

ఆయన కింద కూర్చుని ఒక్కొక్కటీ తీసి వెలుగుకి పట్టారు. గోటితో తడిమారు. దొర్లించి చూశారు, ఒక్కటైనా వంగి ఉందేమోనని. నేను ఆయన గోరు వైపే చూస్తున్నాను. అది ఎక్కడా ఆగలేదు. ఆఖరి పుల్ల కింద పెట్టి, చావు కబురు విన్నవాళ్లు అనే గొంతుతో, "చాలా బాగా చేశావమ్మా" అన్నారు.

ఆ పిల్ల ఎంత మురిసిపోయిందో. మంచి పిల్ల. నేనేమీ అనలేను. ఏమని అంటాను.

మార్చి 17

ఆయన ఈకల పొట్లం విప్పారు. ఒక బాణానికి మూడు ఈకలూ పక్షికి ఒకే వైపు రెక్కవి కావాలి, ఎడమవైతే మూడూ ఎడమవే. కలిస్తే బాణం గాల్లో తబ్బిబ్బవుతుంది. దర్జీవాడు అన్నీ కలిపేసి ఉంటాడని ఆయన ధైర్యం. విప్పి చూస్తే ఎడమవి నీలం దారంతో, కుడివి పచ్చ దారంతో కట్ట కట్టి ఉన్నాయి. పైన ముడి కూడా అందంగా వేశాడు.

"వెధవ దర్జీ" అన్నారు.

మార్చి 24

రోజూ అతుకుతున్నారు. పుల్లని బిగింపులో పెట్టి ఒక ఈక అతికి, అది ఆరాక తిప్పి ఇంకోటి. నేను పక్కన కూర్చుని ఈకలు అందిస్తున్నాను. ఆయన చెయ్యి వణుకుతుంది గానీ ఈక పుల్లని తాకే ముందు ఆగుతుంది. ఊపిరి బిగబట్టి, సరిగ్గా గీత మీద దింపుతారు. ఆయన మొహం అప్పుడు చూడాలి. గోడ వైపు చూసే మొహం కాదు అది.

ఇంత బాగా అతుకుతున్నందుకు ఆయన మీద ఆయనకే కోపం వస్తున్నట్టుంది. ఒకటి కావాలని వంకరగా పెట్టబోయారు. నేను చూశాను. పెట్టలేకపోయారు. చెయ్యి రాలేదు.

కుర్చీ సంగతి ఈవేళ చెప్పేశాను. ఎవరూ తియ్యలేదట అన్నాను. ఆయన ఒక ఈకకి రెండుసార్లు జిగురు రాశారు.

ఏప్రిల్ 2

అన్నీ అయ్యాయి. అమ్ములపొదిలో ఎర్ర ఈకలు గుత్తిలా ఉన్నాయి. వరండాలో టీ తాగుతున్నాం.

"ఏమే."

"ఊఁ."

"ఈకలు బాగానే వచ్చాయి కదా."

"చాలా బాగా వచ్చాయి."

"వంక పెట్టడానికేం లేదు."

"ఏం లేదు."

కాసేపు కప్పులోకి చూశారు. "అదే భయం" అన్నారు.

ఊరుకోండి అనడానికి నేనెవర్ని, ఊళ్లో భయాలన్నీ నా పేరు మీదే ఉన్నాయి. "నాకు కూడా" అన్నాను. ఆయన నా కప్పు కూడా తీసుకుని లోపలికి వెళ్లి కడిగారు. పిడి విరగ్గొట్టారు. పోనీలే.

ఏప్రిల్ 5

అక్షరాలు పడటం లేదు, అయినా రాస్తాను.

పొద్దున్నే గ్రౌండుకి వెళ్లాం. దూరంగా గడ్డి కట్టలు పేర్చి, వాటి మీద రంగురంగుల గుండ్రాల కాగితం అంటించారు. డ్రిల్లు మాస్టారు ఈసారి కుర్చీ మరీ వెనక్కి వేసుకున్నారు, అక్కణ్ణుంచి ఆయనకి ఏం కనిపిస్తుందో నాకు తెలీదు. ఆడవాళ్లం చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాం. నా పక్కన దర్జీ భార్య, ఇటు కోడలు. కోడలు వచ్చినవాళ్లందరికీ, "ఆ ఈకలు నేనే పీకాను" అని చెప్పుకుంటోంది.

మా ఆయన వంతు వచ్చింది. నేను కళ్లు మూసుకున్నాను. నారి మోగింది. బాణం గడ్డికి తగిలితే ధబ్‌మని వినిపించాలి. వినిపించలేదు.

"పడిందా వదినా?" అన్నాను కళ్లు తెరవకుండానే.

"పడింది."

"ఎక్కడ?"

"కాస్త ఇవతల."

"ఎంత ఇవతల?"

దర్జీ భార్య కాసేపు ఆలోచించింది. "మనవైపే ఎక్కువ" అంది.

కళ్లు తెరిచాను. బాణం మధ్య దారిలో నేలలో గుచ్చుకుని ఉంది. ఈకలు మూడూ నిక్కచ్చిగా, ఒక్కటీ చెదరకుండా, ఎర్రది పైకి. ఎవరికైనా కనిపిస్తాయి అంత దూరానికి.

గ్రౌండులో చప్పుడు లేదు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండును, ఆ నిశ్శబ్దం ఇంకా పాడు. దర్జీ అన్నయ్య నోరు తెరిచాడు, ఇటునుంచి భార్య చూసిన చూపుకి మూసేశాడు. మాస్టారు మేఘాలు చూస్తున్నారు. మా ఆయన రెండో బాణం తీసి, ఈకల మీద బొటనవేలితో నిమురుతూ నిలబడ్డారు. జిగురు అంటారేమో. కోడలు గోకడం సరిగ్గా లేదంటారేమో. గాలి అంటారేమో. ఏదో ఒకటి అని, బాణాలన్నీ పొదిలో పెట్టి, ఇంటికి వచ్చి ఆ గోడ ముందు కూర్చుంటారు. ఇంక లేవరు. అది నాకు రాసిచ్చినట్టు తెలిసిపోయింది.

ఆయన తలెత్తి అందరికీ వినపడేలా అన్నారు. "ఈకలు బాగున్నాయి. మా ఇంట్లో ఆడవాళ్లు చుక్క జిగురు లేకుండా గోకారు. తప్పు నాది. చెయ్యి కిందికి పోతోంది."

అప్పుడు దర్జీ అన్నయ్య, "నాది పైకి పోతోందిరా. మనిద్దర్నీ కలిపి కుడితే ఒకడు మధ్యలో కొడతాడు" అన్నాడు.

మొదట నవ్వింది మా ఆయనే. భుజాలు ఎగిరెగిరిపడేలా, విల్లు కింద పెట్టి మరీ. మిగతావాళ్లు ఆయన నవ్వడం చూశాకే నవ్వారు. మాస్టారు అంత దూరం నుంచి లేచి వచ్చి ఆయన మోచేతిని పట్టుకుని, "ఇంకాస్త పైకి, ఇక్కడ, ఊపిరి వదలకు" అని బడిపిల్లాడికి చెప్పినట్టు చెప్పారు. మా ఆయన బడిపిల్లాడిలాగే విన్నారు.

రెండోది గడ్డి కట్టల మీంచి ఎగిరిపోయింది. మూడోది ధబ్‌మంది. కాగితం అంచున, తెల్లటి చోట. అంత చప్పుడు నేను ఎప్పుడూ వినలేదు. కోడలు నా చెయ్యి పట్టుకుని నొక్కేసింది, అసలే ఆ బొటనవేలే.

అంతా అయ్యాక మా ఆయన ఆఖరివారు. దర్జీ అన్నయ్య చివర్నుంచి రెండు, గెలిచినవాడికి కూడా అంత సంబరం లేదు. "చూశావా, చూశావా" అని భార్య చుట్టూ తిరిగాడు. "చూశాను, కూర్చో" అంది ఆవిడ. మా ఆయన తన కుర్చీలో కూర్చుని, టీ తాగుతూ, మిగతావాళ్ల గురికి వంకలు పెడుతున్నారు.

నేను అక్కడ నవ్వలేదు. భార్య నవ్వితే బాగోదు. ఇంటికి వచ్చాక వంటింటి తలుపు వేసుకుని నవ్వుకున్నాను. కోడలు ఏడుస్తున్నాననుకుని తలుపు కొట్టింది.

ఏప్రిల్ 6

భుజం నొప్పి అని పడుకున్నారు. నొప్పుల లేపనం రాశాను. నా బొటనవేలికని తెచ్చిందంతా అయిపోయింది.

ఏప్రిల్ 7

భుజం నొప్పి. సాయంత్రం వరండాలో కూర్చున్నారు. గోడ వైపో వీధి వైపో చూద్దామనుకుని, భయమేసి వెళ్లలేదు.

ఏప్రిల్ 9

సాయంత్రం టీ తాగి, కప్పు కిటికీలో పెట్టి, చెప్పులేసుకున్నారు. అమ్ములపొది భుజానికి తగిలించుకున్నారు, నొప్పి భుజానికే. గేటు తీస్తూ వెనక్కి తిరిగి, "ఆలస్యమవుతుంది" అన్నారు. "సరే" అన్నాను. ఇంకేమైనా అంటే ఆగిపోతారేమోనని లోపలికి వచ్చేశాను.

చీకటి పడుతోంది. ఇంకా రాలేదు. వీధి చివర కాలువ పని జరుగుతోంది, మూత పెట్టారో లేదో. ఆ మలుపులో కుక్కలు. టార్చిలైటు తీసుకెళ్లారో లేదో చూడలేదు. చీకట్లో బాణాలేం వేస్తారు, కబుర్లే అయి ఉంటాయి. అయినా.

కోడలు ఇప్పుడే వచ్చి, "మావయ్యగారికి ఫోన్ చెయ్యనా అత్తయ్యా?" అంది.

"వద్దు."

"మీకు భయంగా లేదా?"

"ఉంది. అది నా భయం, నేను పడతాను. ఆయన్నెందుకు పిలవడం."